శిక్ష చాలలేదని ఆ తల్లి అడగకూడదా?

సంపాదకులకు,

నల్లగొండలో కోర్టు ఎదుట పాతికేళ్లుగా అర్జీలు టైపు చేస్తున్నాను. మొన్న దేవరకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన తీర్పు నకలు నా బల్ల మీద పరిచింది. ఏ ఊరో, ఏ కోర్టో రాయను. పొలం గట్టు తగాదాలో పార దెబ్బకు కొడుకు పోయాడు. ఛార్జిషీటు హత్య కింద కాక ఐపీసీ 304 సెక్షన్ రెండో భాగం కింద, అంటే చంపాలని కాకున్నా చావొచ్చని తెలిసి చేసిన నేరంగా వేశారు. 10 ఏళ్ల దాకా వేయగల చోట 3 ఏళ్లు పడింది.

"అయ్యా, పైకోర్టుకు పోతే పెంచరా?" అంది.

పెంచవచ్చు, కానీ అడగవలసింది మీరు కాదమ్మా, ప్రభుత్వం అన్నాను.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2009 డిసెంబర్ 31న అమల్లోకి వచ్చిన సవరణ బాధితులకు అప్పీలు హక్కు ఇచ్చింది. నిందితుణ్ని వదిలేసినా, నేరం తగ్గించినా, పరిహారం చాలకపోయినా వెళ్లవచ్చు. శిక్ష చాలలేదని మాత్రం వెళ్లకూడదు. కొడుకును పోగొట్టుకున్న ఢిల్లీ తండ్రి ఒకరికి 2020లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. శిక్ష చాలలేదని ప్రభుత్వం అప్పీలుకు వెళ్లే ఆ కోడ్‌లోని 377 సెక్షన్ కాస్తా దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో 418 అయింది, లోపలి సంగతి మారలేదు. కింది కోర్టు తీర్పును హైకోర్టు తిరిగి పరిశీలించే రివిజన్ అనే సందు ఉంది గానీ, అది హైకోర్టు దయ.

మిర్యాలగూడలో 2018లో జరిగిన హత్యకు 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష వేసింది. అలాంటి తీర్పు ఎవరూ అడగకపోయినా ధ్రువీకరణ కోసం హైకోర్టుకు వెళ్లి తీరుతుంది. వెళ్లాలి కూడా, ప్రాణం సంగతి. మరి ఈమె కొడుకుదీ ప్రాణమే కదా?

అప్పీలుకు గడువు 60 రోజులు. ఆమె వచ్చేసరికి 52 గడిచాయి. సర్కారు వకీలు దగ్గరికి నాలుగుసార్లు తిరిగితే "పైకి రాశాం" అన్నారట. ఏం రాశారో, ఎవరికి రాశారో కాగితం ముక్క లేదు.

నేను ఉరి అడగడం లేదు. ప్రభుత్వం అప్పీలుకు వెళితే, అసలు నేరమే చేయలేదని ముద్దాయి వాదించుకునే వీలుందని కూడా ఆమెకు చెప్పాను. "వాదించుకోనీ అయ్యా, వినేవాళ్లుంటే చాలు" అంది.

చట్టం మారేదాకా ఆగనక్కరలేదు. అప్పీలు వేస్తారో లేదో, వేయకపోతే ఎందుకో, గడువులోగా కుటుంబానికి రాతపూర్వకంగా తెలపాలని హోం శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు.

కలెక్టరు గారికొకటి, సర్కారు వకీలు గారికొకటి అర్జీ టైపు చేసి ఇచ్చాను. మూడో ప్రతి మీద ముద్ర వేయించుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పాను. నేటికి ఇంకా 6 రోజులున్నాయి.

— ఒక కోర్టు టైపిస్టు, నల్లగొండ