47వ పేజీ

పొన్నలూరు మండలం,
ప్రకాశం జిల్లా.

చిట్టితల్లీ,

నువ్వు బెంగళూరు బస్సెక్కి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఎప్పుడు ఫోన్ చేసినా "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అంటున్నావు. ఆదివారం కూడా మీటింగేనా అని మీ అమ్మ అడిగింది. నేనేం చెప్పను? అందుకే ఉత్తరం మొదలుపెట్టా. దీన్ని మధ్యలో కట్ చేయలేవు గదా.

కనుమ నాటి రాత్రి సంగతి చెప్పాలి. పొగాకు మూడో క్యూరింగ్ నడుస్తోంది, నేను ఆకు వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గరే పడుకున్నా. పడుకున్నా అనడమే గానీ ఆ వేళ నిద్రెక్కడిది? మంట తగ్గితే ఆకు రంగు పోతుంది, పెరిగితే మాడిపోతుంది. రాత్రి రెండు గంటలప్పుడు నీ గది కిటికీలో ఫోన్ వెలుగు కనిపించింది. దోమతెర నీలంగా వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. న్యూయార్క్‌లో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర అని నువ్వే చెప్పావు. నీ నవల పంపిన చోట వాళ్లు భోజనం చేసొచ్చి ఉత్తరాలు తిరగేసే వేళకి మనకు కోళ్లు కూడా లేవవు.

కాసేపటికి దుప్పటి కప్పుకొని వచ్చి నులక మంచం మీద కూర్చున్నావు. పొయ్యిలోకి ఒక సరుగుడు కట్టె తోసి "ముప్పై నాలుగు" అన్నావు. అంతే. నేను ఏదో ఒకటి మాట్లాడాల్సింది. థర్మామీటర్ చూసే నెపంతో లేచి అటు పోయా. పొద్దున్నే బస్టాండులో "ఇంక రాయను నాన్నా, చాలు" అన్నావు. అప్పుడూ సంచి అందించానే గానీ మాట అందలేదు.

నీ పని ఎట్లా నడుస్తుందో నాకు అర్థమైనంత రాస్తా, తప్పుంటే దిద్దు. నవల పూర్తయ్యాక దాన్ని పబ్లిషర్‌కి నేరుగా పంపితే అమెరికాలో, లండన్‌లో పెద్ద సంస్థలు చాలావరకు చూడవు. మధ్యలో ఏజెంటు ఉండాలి. ఏజెంటుకి ముందు ఒక పేజీ ఉత్తరం రాయాలి, దాన్నే క్వెరీ అంటారు. కథ ఏంటో, నువ్వెవరో అందులోనే చెప్పాలి. దానికి తోడు మొదటి ఐదు పేజీలో, పది పేజీలో జత చేయాలి. నచ్చితే మొత్తం పంపమంటారు. నచ్చకపోతే రెండు లైన్ల జవాబు. కొంతమంది అది కూడా రాయరు, ఇన్ని వారాల్లో జవాబు రాకపోతే లేదనుకోండి అని ముందే బోర్డు పెట్టేస్తారు. పుస్తకం అమ్ముడుపోతే రచయితకు వచ్చే దాంట్లో నూటికి 15 వాళ్ల కమీషన్, వేరే దేశంలో అమ్మితే సాధారణంగా 20. ఇంతేనా?

నీ 34 జవాబుల్లో పదకొండు నిశ్శబ్దాలు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఒకే మాట: బాగుంది గానీ నా జాబితాకి సరిపోదు. ఆ మాట నిన్ను బాగా కోసింది. బాగుంటే ఎందుకు వద్దు అని అడిగావు.

అమ్మా, ఆ మాట నేను ఇరవై ఏళ్లకు పైగా వింటున్నా. మన భాషలో దాన్ని "ఆర్డర్లు లేవు" అంటారు.

వేలం రోజు ఎట్లా ఉంటుందో నువ్వు ఎప్పుడూ చూడలేదు. ఆడపిల్లవని నేనే తీసుకుపోలేదు, అది నా తప్పే. షెడ్డులో బేళ్లు వరసలుగా పేరుస్తారు. ఒక్కో బేలు వెనక మనకి ఐదారు నెలల పని. నారు పోసి, నాటి, ఆకు రెలిచి, కర్రలకు అల్లి, కాల్చి, మండెగా కుప్ప వేసి, గ్రేడు చేసి, గోనెపట్టా చుట్టి తెస్తాం. కొనేవాడు చేతిలో ఒక మిషను పట్టుకుని నడుస్తూ వస్తాడు. బేలు పైనుంచి గుప్పెడు ఆకు లాగుతాడు, వేళ్లతో నలుపుతాడు, వాసన చూస్తాడు. నిలబడితే పది సెకన్లు. ధర కొడితే కొట్టాడు, లేకపోతే పక్క బేలుకి పోయాడు. ఎవరూ కొట్టకపోతే అది నోబిడ్. పొద్దున ఏ ట్రాక్టర్‌లో తెచ్చామో సాయంత్రం అదే ట్రాక్టర్‌లో ఇంటికి. మరుసటి రోజు పేపర్లో జిల్లా పేజీలో వస్తుంది, ఇన్ని బేళ్లు వచ్చాయి, ఇన్ని కొన్నారు, ఇన్ని తిరస్కరించారు అని. తిరస్కరణ అనే మాట నీకు ఇంగ్లీషులో ఇప్పుడు ఎదురైంది. మాకు అది సీజన్‌లో రోజూ వచ్చే అంకె.

ఆ కొనేవాడికి మన మీద పగ లేదు. పైనుంచి ఫలానా రకం ఇన్ని కిలోలు కొనమని వాడికి ఆర్డరు వస్తుంది. ఆ రకం నిండిపోతే ఎంత మేలైన ఆకైనా ముట్టుకోడు. ఒకే మండెలో ఆకు, ఒక వారం నోబిడ్ పోయి, మూడు వారాల తర్వాత మంచి ధర పలికిన రోజులు చూశా. ఆకు మారలేదు, వాడి ఆర్డరు మారింది. నీ ఏజెంట్లు కూడా అంతే అయ్యుంటారు. పల్లెటూరి కథలు ఇప్పటికే రెండు చేతిలో ఉన్నవాడు మూడోది తీసుకుని ఏం చేసుకుంటాడు?

మీ మేనత్త కొడుకు మన ఫ్యామిలీ గ్రూపులో ఫలానా గొప్ప రచయితని పన్నెండు మంది వద్దన్నారు, ఫలానా ఆయన్ని ఇరవై మంది వద్దన్నారు అని ఫార్వర్డులు పెడుతున్నాడు. నీ కోసమే పెడుతున్నాడు పాపం. నాకైతే వాటి మీద నమ్మకం లేదు. చివరికి అమ్ముడుపోయిన బేళ్ల కథలే అందరూ చెప్తారు. మనకి దగ్గర్లో గుడ్లూరు ఎర్రాప్రగడ ఊరంటారు. ఆయనకి అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఉన్నాడు కాబట్టి హరివంశం అంకితం అందుకునే చెయ్యి దొరికింది. ఆ రోజుల్లో కొలువు గుమ్మం దాటలేక వెనక్కి పోయిన కవులు ఎంతమందో, వాళ్ల పేర్లు మనకి ఎవరు చెప్తారు? నీకు ఎటు జరుగుతుందో నాకు తెలీదు. తెలిసినట్టు నటించను.

తెలుగులో రాసుకుంటే ఈ గొడవ ఉండదు గదా అని మీ అమ్మ అంటోంది. తెలుగులో ఏజెంటు లేని మాట నిజమే. పత్రికకి నేరుగా పంపుతాం, పుస్తకమైతే సొంత డబ్బుతో వేసుకుంటాం. మన బడిలో పనిచేసి రిటైరైన తెలుగు పంతులుగారు 500 కాపీలు వేయించుకున్నారు. సగం పెళ్లిళ్లకి, గృహప్రవేశాలకి పంచారు. మిగతా సగం ఆయన మంచం కింద ఉంది, మొన్న నేనే చూశా, ఎలుకలు కొట్టకుండా యూరియా సంచుల్లో కట్టి పెట్టారు. ఆయన్ని వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. కావాలన్నవాళ్లూ లేరు. ఏది నయమో నువ్వే చెప్పు.

ఇంకో సంగతి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. డిసెంబరులో ఒకడు నిన్ను 45,000 అడిగాడన్నావే, పుస్తకం చదవడానికి, దిద్దడానికి అని. వాడికి పైసా ఇవ్వొద్దు. అమ్మి పెట్టి అందులోంచి తీసుకునేవాడే ఏజెంటు అని నువ్వే నాకు చెప్పావు. ముందే చెయ్యి చాపేవాడు నీ పుస్తకం అమ్మాల్సిన అవసరమేముంది? వాడి అమ్మకం నీ దగ్గరే అయిపోయింది. మన రాష్ట్రంలో 1985లో వేలం మొదలుకాక ముందు మీ తాత ఆకుని దళారి బండికి ఎత్తి, డబ్బుల కోసం చెప్పులు అరిగేలా తిరిగాడు. ఆకలి మీద ఉన్నోడి గుమ్మం ముందుకే అలాంటివాళ్లు వస్తారు. నీ ముప్పయ్యో తిరస్కరణ తర్వాత వచ్చాడు వాడు, గమనించావా?

సరే, ఇప్పుడు చెప్పడానికి కష్టంగా ఉన్న మాట.

34 మందికీ ఆర్డర్లు లేవని చెప్పి నిన్ను ఊరుకోబెట్టొచ్చు. కానీ కొన్నిసార్లు బేలులోనే తేడా ఉంటుంది. నువ్వు ఐదో తరగతిలో ఉన్న ఏడాది వానలు పడి ఆకు పాడైంది. పచ్చ తేలిన ఆకు, మాడిన ఆకు కుప్పలు పడ్డాయి. మీ అమ్మ ఒక్కో ఆకూ గుమ్మం దగ్గర వెలుతురుకి పట్టి చూసి, మంచిది మంచిదిగా, చెడ్డది చెడ్డదిగా విడదీసింది. నేను రాత్రిపూట ఆ చెడ్డ ఆకు తెచ్చి మూడు బేళ్ల మధ్యలో పెట్టి, పైనా కిందా మేలైన ఆకు పరిచా. అప్పులు అట్లా ఉన్నాయి. వేలంలో ఒక పెద్దాయన పైన గుప్పెడు లాగి ఊరుకోకుండా మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. గోనెపట్టా విప్పించారు. నలుగురైదుగురు మన ఊరి రైతులు చుట్టూ చేరారు. పచ్చాకు కింద పోసి ఉంటే నేను చెప్పులకేసి చూస్తూ నిలబడ్డా. ఇంటికొచ్చాక మీ అమ్మ అన్నం పెట్టింది గానీ మూడు రోజులు మాట్లాడలేదు. మళ్లీ మూడు బేళ్లూ విప్పి, తనే కూర్చుని మొదటి నుంచి గ్రేడు చేసింది.

ఇది ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, నేను నీ నవల చదివా. దసరాకి వచ్చినప్పుడు నా ఫోన్‌కి పంపావు గదా, కందుకూరులో 312 పేజీలు జిరాక్స్ తీయించా. ఇంటర్ దాకా తెలుగు మీడియం వాణ్ణి, డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకి మూడు పేజీలు, నాలుగు పేజీలు. మొన్న బుధవారం అయిపోయింది.

నీ మొదటి పది పేజీల్లో అమ్మాయి కారులో ఊరికి వస్తుంది. ఎండ ఎట్లా ఉందో చెప్తుంది. గోంగూర అంటే పుల్లటి ఆకు అని చెప్తుంది. బ్యారన్ అంటే ఏంటో, బొట్టు అంటే ఏంటో చెప్తుంది. అవన్నీ నిజమే. కానీ చదువుతుంటే ఎవరో దొరగారికి ఊరు చూపిస్తూ ముందు నడుస్తున్నట్టుంది. అందులో నువ్వు లేవు తల్లీ. ఊరు కూడా లేదు.

తర్వాత 47వ పేజీ వచ్చింది. పెట్రోమాక్స్ లైటు కింద నాయనమ్మ ఆకు అల్లిస్తుంటుంది. కూలికి వచ్చిన చిన్నపిల్ల వేళ్లకి నల్లగా జిగురు పట్టి, అన్నం చేదుగా ఉందని ముద్ద వదిలేస్తుంది. నాయనమ్మ ఒక్క మాటా అనదు. లేచి వెళ్లి చింతపండుతో తన చెయ్యి తోముకుని, వాసన చూసుకుని, మళ్లీ తోముకుని, వచ్చి ఆ పిల్లకి ముద్దలు పెడుతుంది. ఆ పేజీకి నాకు డిక్షనరీ అక్కర్లేకపోయింది. మా అమ్మ అట్లాగే చేసేది. నువ్వు అప్పటికి పుట్టలేదు, ఎవరు చెప్పారో ఏమో.

నేను చెడ్డ ఆకు మధ్యలో దాచా. నువ్వు మంచి ఆకు మధ్యలో దాచావు. పైన గుప్పెడు లాగి పోయేవాడికి ఏం తెలుస్తుంది? పది పేజీలు పంపమన్న చోట 47 దాకా ఎవరొస్తారు?

ఇది పొగాకు రైతు మాట, నవలల సంగతి నాకు తెలిసింది తక్కువ. ఆ పేజీ ముందుకు తెస్తే ముప్పై ఐదో ఆయన ఒప్పుకుంటాడని కూడా అనను. ఒకటి మాత్రం అడుగుతా. మా బేలు వెనక్కి వస్తే విప్పి గ్రేడు చేసి మళ్లీ తీసుకుపోవచ్చు. నీకు ఆ వీలు తక్కువ, ఒకసారి వద్దన్న ఏజెంటు అదే పుస్తకాన్ని మళ్లీ చూడటం అరుదు అన్నావు. మరి మొదటి నెలలోనే ఇరవై మందికి ఎందుకు పంపేశావు? మిగిలిన పేర్లు కొన్నాళ్లు ముట్టుకోవద్దు. పంపేటప్పుడు ఐదుగురికి పంపు. ఒక్కరూ మిగతా పేజీలు అడక్కపోతే ఆరో ఆయన దగ్గరికి పోకుండా ముందు మళ్లీ బేలు విప్పు. మన దేశంలో ఇంగ్లీషు పుస్తకాలు వేసేవాళ్లలో కొందరు ఏజెంటు లేకపోయినా చూస్తారని నువ్వే అన్నావు, వాళ్లని కూడా అప్పుడే.

ఇంక రాయనంటే రాయొద్దు, బలవంతం లేదు. నేను కూడా రెండేళ్లు పొగాకు మానేసి శనగ వేశా. కాకపోతే మానేసేది అలసిపోయి మానేయి, ఆ రెండు లైన్ల జవాబులు చదివి కాదు.

మీ అమ్మ అరిసెలు కట్టింది. డబ్బాలో అడుగున కాగితాలు పెట్టా, జిరాక్స్ మొత్తం. అర్థం కాని చోట్ల పెన్సిలుతో గీత పెట్టా, అవి నా తప్పులో నీ తప్పులో నువ్వే చూసుకో. 47వ పేజీ బ్యారన్ దగ్గర చదివా, చెయ్యి కడుక్కోలేదు. పై అంచున నల్లగా బొటనవేలి మరక పడింది. రబ్బరుతో రుద్ది చూశా, పోలేదు. వేరే కాపీ తీయిద్దామనుకున్నా గానీ కందుకూరు పోవడం కుదరలేదు. అట్లాగే పంపుతున్నా.

మీ నాన్న