ఈత కొలనుల పంపు గదులు చూడండి

సంపాదకులకు,

ఎండాకాలంలో హనుమకొండ, వరంగల్ ఈత కొలనుల్లో నీటి రంగే చూస్తారు, పంపు గదిని ఎవరూ చూడరు. మోటారు నీళ్లు లేకుండా తిరిగితే వేడికి నీళ్లు లాగే పంపు మూతి దగ్గరి పీవీసీ థ్రెడ్ అడాప్టర్ (పైపును పంపుకు బిగించే మరల ముక్క) ముడుచుకుపోతుంది. అక్కడ గాలి లాగి కొలనులో బుడగలు వస్తాయి. దానిమీద ఎం-సీల్ పూయడం దండగ. కరెంటు తీసి, రెండువైపులా వాల్వులు బంద్ చేసి, పైపును వంకర లేకుండా కోసి, అంచు గీకాలి. కొత్త అడాప్టర్‌కు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి. పక్కనే యూనియన్ (విప్పి మళ్లీ బిగించుకునే జాయింటు) పెడితే మరోసారి రంపం అక్కర్లేదు. సాల్వెంట్ సిమెంటు (పీవీసీ పైపుల జిగురు) అతికే రెండు ముక్కలకూ రాసి, పావు చుట్టు తిప్పి, అర నిమిషం అదిమి పట్టాలి. 24 గంటలు ఆరనివ్వండి. తొందరపడితే అతుకు ఊడుతుంది. ఫిల్టరు వాల్వు పిడిని మాత్రం మోటారు నడుస్తుండగా తిప్పొద్దు. లోపలి రబ్బరు గాస్కెట్ చెడి, ఫిల్టరు కడిగిన నీళ్లను బయటికి పంపే బ్యాక్‌వాష్ పైపులోంచి కొలను నీళ్లు పోతూనే ఉంటాయి.

– ఈత కొలనుల ప్లంబర్లు, హనుమకొండ