ఆకుపచ్చ మూత ఉన్న ఆ తెల్ల డబ్బా ఇంట్లో ఉంటే వెంటనే ఆపేయండి

శ్రీకాకుళంలో మా చిరుధాన్యాల కొట్టుకి వచ్చే అందరికీ. ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మే నుంచి సెప్టెంబరు దాకా మా దగ్గర బరువు తగ్గడానికని కొన్న మూలికల క్యాప్సూల్స్ ఇంకా వాడుతుంటే ఈ పూట నుంచే మానేయండి. అందులో సిబుట్రమిన్ అనే మందు ఉంది. డబ్బా మీద ఆ పేరు ఎక్కడా లేదు, త్రిఫల, మెంతులు, గ్రీన్ టీ అనే ఉంటుంది. అమ్మింది నేనే, బాగా పనిచేస్తోందని చెప్పి మరీ అమ్మాను.

అనుమానం వచ్చింది మా వదినని చూశాక. ఒకరోజు సాయంత్రం కొట్టుకి వచ్చి చోళ్ల బస్తా పక్కన స్టూలు మీద కూర్చున్నారు, మంచినీళ్లు అడిగి రెండు గ్లాసులు తాగేసి, అయినా నోరు పిడచకట్టుకుపోతోందన్నారు. "ఏటోనమ్మా, రాత్రి రెండైనా కన్ను మూతపడటం లేదు, అన్నం ఊసే గుర్తు రావటం లేదు" అంటే చెయ్యి పట్టుకుని చూశాను. నాడి పరిగెడుతోంది, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆవిడకి బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటారు. రెండు నెలల్లో ఐదు కేజీలు తగ్గారని నేను మీలో చాలామందికి చెప్పింది ఈ వదిన గురించే.

ఆ రాత్రి సప్లయర్ ఇచ్చిన ల్యాబ్ రిపోర్టు తీసి మళ్లీ చదివాను. తేమ, బూడిద శాతం, సీసం, పాదరసం, బ్యాక్టీరియా, అన్నీ పాస్. ఆ రిపోర్టులో తప్పుడు అంకె ఒక్కటి ఉందని కూడా నేను అనను, కానీ ఇందులో ఏమైనా ఇంగ్లీషు మందు కలిసిందా అని అసలు ఎవరూ చూడలేదు, ఎందుకంటే మామూలు పరీక్షల్లో అది ఉండదు, ఫలానా మందు ఉందేమో చూడండి అని విడిగా అడిగి చేయించుకోవాలి. స్టాంపు చూసి, డబ్బా మీద 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు చూసి నమ్మేశాను. ఆ నంబరు కంపెనీకి లైసెన్సు ఉందని చెబుతుంది, అంతే. లోపల ఏముందో దానికి తెలియదు.

సీలు తియ్యని రెండు డబ్బాలు విశాఖలో ఒక ల్యాబ్‌కి పంపి, ఈసారి మందుల కోసమే వెతకమన్నాను. రెండింట్లోనూ బయటపడింది.

సిబుట్రమిన్ ఒకప్పుడు డాక్టరు చీటీ మీద ఇచ్చిన మందే. కడుపు నిండినట్టు మెదడుకి అనిపించేలా చేస్తుంది, దాంతోపాటే బీపీనీ గుండె వేగాన్నీ పెంచుతుంది. గుండె జబ్బో షుగరో ఉన్న దాదాపు పది వేల మందిని ఏళ్ల తరబడి పరిశీలిస్తే, ఇది వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి. 2010లో యూరప్, అమెరికాల్లో ఆపేశారు, 2011లో మన దేశంలో నిషేధించారు. అయినా మూలికల పేరుతో తిరుగుతూనే ఉంది. 2007 నుంచి 2016 దాకా అమెరికాలో ఆహారం, మందుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కల్తీవని తేల్చిన 776 సప్లిమెంట్లలో 317 బరువు తగ్గడానికి అమ్మినవి, వాటిలో 269 రకాల్లో ఇదే మందు.

జిమ్‌కి వెళ్లే తమ్ముళ్లు అడిగే, కొవ్వు కరిగిస్తాయని చెప్పే ఫ్యాట్ బర్నర్లు కూడా ఇక తెప్పించను. 1940ల్లో ముక్కుదిబ్బడ కోసం తయారుచేసిన డీఎంఏఏ అనే మందుని, జిరేనియం మొక్క సారం అని లేబుల్ మీద రాసి అమ్మినవాళ్లు ఉన్నారు. పరీక్ష చేయించకుండా అందులో ఏముందో మీకు నేను చెప్పలేను.

ఈ సంగతి చెప్పాక కూడా ఒకావిడ "తగ్గాను కదమ్మా, పెళ్లి అయ్యేదాకా ఇంకొక్క డబ్బా ఇవ్వు" అని అడిగారు. నాకు చాలా భయం వేసింది. అక్కా, మీకు ఇవ్వను, ఎవరికీ ఇవ్వను. ఆపాక ఆకలి తిరిగి వస్తుంది, బరువు కూడా కొంత రావచ్చు, దానికి కంగారుపడి మరో చోట ఇలాంటిదే కొనుక్కోకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ముఖ్యంగా డిప్రెషన్ మాత్రలు వాడుతున్నవాళ్లు (అవీ ఇదీ కలిస్తే ఇంకా ప్రమాదం) డబ్బా చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, సిబుట్రమిన్ అని పేరు చెప్పండి. మూలికల మందు వాడాను అని చెబితే వాళ్లకి ఏమీ తెలియదు. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, కాలూ చెయ్యీ పడిపోవడం ఉంటే నాకు ఫోన్ చేయొద్దు, 108కి చేయండి.

మా వదిన మానేసి మూడు వారాలైంది. నిద్ర పడుతోంది, డాక్టరు గారు బీపీ మాత్ర మార్చి మళ్లీ రమ్మన్నారు.

మిగిలిన 17 డబ్బాలు ఫిర్యాదుతో కలిపి ఔషధ నియంత్రణ అధికారులకి అప్పగించాను. సప్లయర్ ఫోన్ ఎత్తడం లేదు. డబ్బు నేనే ఇస్తాను, డబ్బాకి 1,450 రూపాయలు, సగం వాడినా, ఖాళీ అయిపోయినా, బిల్లు లేకపోయినా సరే. మొత్తం 63 మందికి అమ్మాను. ఫోన్ నంబర్లు ఉన్న 41 మందితో మాట్లాడేశాను. మిగతా 22 మంది నగదు ఇచ్చి తీసుకెళ్లినవాళ్లు, ఎక్కువగా ఆమదాలవలస, నరసన్నపేట, పొందూరు వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు. వాళ్లలో ఎవరైనా మీకు తెలిసుంటే ఈ రోజే చెప్పండి, చదవడం రానివాళ్లకి ఇది చదివి వినిపించండి. ఈ నెలంతా ఆదివారం కూడా కొట్టు తెరిచే ఉంచుతాను.