పరగడుపు షుగర్ పెరిగితే తప్పంతా రోగిదేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్య పేజీలో షుగర్ గురించి వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకుందామనే చూశాను. నా వల్ల కాలేదు. పరగడుపున షుగర్ ఎక్కువ వచ్చిందంటే రాత్రి నోరు కట్టుకోలేదన్నమాటేనని అంత పెద్ద అక్షరాలతో ఎలా వేశారండీ? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. ఆ రోజు ఎన్ని ఇళ్లల్లో ఈ పేపరు చూపించి పెద్దవాళ్లను తిట్టి ఉంటారో!

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. రాత్రి ఏడింటికి రెండు పుల్కాలు తిని పడుకున్న షుగర్ మనిషికి తెల్లారేసరికి 170 చూపిస్తే, అందులో చాలావరకు లివర్ వదిలిన చక్కెరే. మనం తినని వేళల్లో లివర్ తను గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెర నిల్వను కరిగిస్తుంది, కొత్త గ్లూకోజు కూడా తయారు చేస్తుంది. ఆ తయారీకి పెప్‌సీకే అనే ఎంజైము కావాలి. ఆ ఎంజైము తయారవ్వాలంటే జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ నకలు రావాలి. కోవిడ్ టీకాల పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు అందరికీ తెలిసిందే.

హార్మోన్లు జన్యువును ఆన్, ఆఫ్ చేస్తాయని మీ వ్యాసం ఒక్క ముక్కలో తేల్చేసింది. అది సగమే. ఎంఆర్‌ఎన్‌ఏను పెళ్లి వంటశాలకు పంపే చీటీ అనుకోండి. వంట ఎక్కువ కావాలంటే కొత్త చీటీలు రాసి పంపొచ్చు. లేదంటే వెళ్లిన చీటీ చిరిగిపోకుండా కాపాడొచ్చు. చీటీ ఉన్నంతసేపూ వంటవాడు వండుతూనే ఉంటాడు. హార్మోన్లు ఈ రెండు పనులూ చేస్తాయి. ఎలుకల లివర్‌లో పెప్‌సీకే చీటీలు సగానికి తగ్గడానికి అరగంటో, ఇంకాస్తో చాలు. అందుకే అన్నం తిన్నాక ఇన్సులిన్ పెరిగి కొత్త చీటీలు ఆపేయగానే పాతవీ త్వరగానే పోతాయి, ఎంజైము తయారీ తగ్గుతుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గ్లూకగాన్ అనే హార్మోను పెరిగి, కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే అణువును పెంచుతుంది. అప్పుడు కొత్త చీటీలూ ఎక్కువ, ఉన్న చీటీల ఆయుష్షూ ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ సరిగా పనిచేయక ఈ తయారీకి పగ్గం పడదు. ఆ సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి. ఏటీపీని మొదట గుర్తించినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగు పేపరు రాయాల్సిన సంగతి ఇది కాదా?

ఎంఆర్‌ఎన్‌ఏ ఆయుష్షు ఎంత మారగలదో ఆఫ్రికా కప్పల్లో 1983లోనే చూపించారు. గుడ్డు సొనకు కావాల్సిన ప్రోటీన్‌ను కప్ప లివరే తయారు చేస్తుంది. ఈస్ట్రోజెన్ ఉంటే ఆ ప్రోటీన్ ఎంఆర్‌ఎన్‌ఏ అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) మూడు వారాలు, లేకపోతే 16 గంటలు. అది ఎంజైము కాదు గానీ సూత్రం ఒక్కటే.

నా అసలు బాధ స్టెరాయిడ్ల గురించి. మన ఒంట్లోనే తయారయ్యే స్టెరాయిడ్ హార్మోను కార్టిసాల్ తెల్లవారుజామున సహజంగానే పెరుగుతుంది. దాని జాతి మందులే డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్. పెప్‌సీకే చీటీ తోకలో స్టెరాయిడ్‌కు స్పందించి చీటీని నిలబెట్టే భాగం ఒకటి ఉందని 1989లోనే తేలింది. స్టెరాయిడ్ వాడితే షుగర్ ఎందుకు పెరుగుతుందో చెప్పే కారణాల్లో ఇదొకటి. మీ వ్యాసంలో స్టెరాయిడ్ అనే మాటే లేదు!

మా ఆవిడకు మోకాళ్ల నొప్పులని మందుల షాపులో పొట్లం కట్టి బిళ్లలు ఇచ్చారు. డాక్టరు చీటీ అడగలేదు, మందు పేరు చెప్పలేదు. నొప్పి తగ్గింది, షుగర్ మూడు వందలు దాటింది. దొంగతనంగా స్వీట్లు తింటున్నావని నేనూ పిల్లలూ నెల రోజులు ఆమెను సాధించాం. ఏడ్చింది పాపం. తర్వాత పెద్ద డాక్టరు ఆ బిళ్ల చూసి స్టెరాయిడ్ అన్నారు. ఇన్నేళ్లు హార్మోన్లు పాఠం చెప్పిన నాకే తట్టలేదు. ఆ రోజు మీ వ్యాసం లాంటిదే నా చేతిలో ఉండి ఉంటే ఇంకా తిట్టేవాణ్ణి. (డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్‌ను మాత్రం ఎవరూ ఉన్నట్టుండి ఆపకూడదు, అది ప్రమాదం.)

2021లో బ్లాక్ ఫంగస్‌తో కళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాం. అదుపు తప్పిన షుగరూ విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లూ కలిసి చేసిన నాశనం అది. అయినా డాక్టరు చీటీ లేకుండా ఇవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. తనిఖీ చేయాల్సిన అధికారులు ఏం చేస్తున్నట్టు? ఫిర్యాదు రాసిస్తే రసీదు కూడా ఇవ్వరు. కాలేజీల్లో చూస్తే బిట్లు బట్టీ పట్టించడమే తప్ప, ఈ పాఠం మన ఒంట్లో ఎక్కడ పని చేస్తుందో చెప్పే తీరిక ఎవరికీ లేదు. పత్రికల్లో సైన్స్ పేజీలు పోయి చిట్కాలు మిగిలాయి.

ఇంకొకటి. వ్యాసం పక్కన బాక్సులో ఎస్‌జీపీటీ అనే ఎంజైమును లివర్ ఎక్కువగా తయారు చేస్తోందని రాశారు. రక్తంలో ఎస్‌జీపీటీ పెరగడమంటే మామూలుగా లివర్ కణాలు దెబ్బతిని అందులోది బయటికి కారడం. హార్మోన్ల ఆజ్ఞతో జరిగే ఎంజైము తయారీ వేరు.

దయచేసి సవరణ వేయండి. లోపలి పేజీలో మూలన రెండు లైన్లు కాదు, ఆదివారం నాడే, అదే పేజీలో వేయండి. మా ఆవిడ ఆ వ్యాసం కత్తిరించి తన షుగర్ ఫైల్లో పెట్టుకుంది. మీ సవరణ వస్తే దాని మీద అంటిస్తాను.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, తెనాలి