లైటు వెలుగుతోంది, నెట్ మాత్రం రాదు

సంపాదకులకు నమస్కారం.

ఇళ్లకు వైర్‌లెస్ ఇంటర్నెట్ విస్తరిస్తున్న తీరుపై మొన్నామధ్య మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. దానికి జవాబు రాయకపోతే అందులోని మాటే నిజమని స్థిరపడిపోతుందన్న బాధతో ఆలస్యంగానైనా ఈ లేఖ రాస్తున్నాను. ఫిర్యాదులు త్వరగా ఎందుకు పరిష్కారం కావడం లేదని మీ విలేకరి అడిగితే, వినియోగదారులు తమ సమస్య ఏమిటో సరిగా చెప్పలేకపోతున్నారని కంపెనీ ప్రతినిధి సమాధానమిచ్చారు. ఇది అన్యాయమైన జవాబు. ఇంటివాళ్లు చెప్పలేకపోతున్న మాట వాస్తవమే, కానీ చెప్పాలంటే ముందు వాళ్ల కంటికి ఏదో ఒకటి కనబడాలి కదా. కంపెనీవాళ్లు హాల్లో పెట్టి వెళ్లిన వైఫై పెట్టె ఏమీ చూపించని విధంగా తయారైంది. కస్టమర్ కేర్ పనితీరు ఫోన్ ఎత్తే సిబ్బంది చేతిలో కన్నా ఆ పెట్టెను రూపొందించినవారి చేతిలోనే ఎక్కువగా ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

5జీ టవర్ల నుంచి నేరుగా ఇళ్లకు ఇంటర్నెట్ ఇవ్వడం 2023లో మొదలైనప్పుడు తొలి నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది; ఇప్పుడు మా తణుకు వంటి ఊళ్లలోనూ డాబాల మీద ఆ తెల్ల పెట్టెలు కనిపిస్తున్నాయి. పైపుకు బిగించిన ఆ పెట్టె టవర్ సిగ్నల్‌ను అందుకుంటుంది, అక్కడి నుంచి ఒక కేబుల్ ఇంట్లోకి దిగుతుంది, అదే కేబుల్ ద్వారా పైపెట్టెకు కరెంటు పంపే చిన్న అడాప్టర్ ఒకటి లోపల ఉంటుంది, చివరగా హాల్లో వైఫై ఇచ్చే పెట్టె, అంటే రౌటర్, ఉంటుంది. కాబట్టి నెట్ ఆగిపోతే లోపం టవర్‌లో ఉండవచ్చు, టవర్‌కూ మన డాబాకూ మధ్య కొత్తగా లేచిన అంతస్తో ఎదిగిన కొబ్బరిచెట్టో కారణం కావచ్చు, పైపెట్టెలోనో కేబుల్‌లోనో అడాప్టర్‌లోనో హాల్లోని పెట్టెలోనో ఉండవచ్చు, చివరికి మన ఫోన్‌లోనే ఉండవచ్చు. ఇన్నింటికీ కలిపి ఇంటివాళ్లకు కనబడేది ఒకే ఒక్క లైటు. పైపెట్టెకు లైటు ఉన్నా, డాబా మీద పైపు చివరన ఎండలో అది కంటికి ఆనదు. రాత్రిపూట మెట్లెక్కి చూసి రావడం పెద్దవయసు వారి వల్ల అయ్యే పని కాదు.

మా ఇంట్లో జరిగినది చెబుతాను. కనెక్షన్ ఇచ్చిన టెక్నీషియన్ హాల్లోని పెట్టెను ఇన్వర్టర్ లైనున్న ప్లగ్గుకు, పైపెట్టె అడాప్టర్‌ను మామూలు ప్లగ్గుకు పెట్టి వెళ్లాడు. దాంతో కరెంటు పోయిన ప్రతిసారీ హాల్లో లైటు వెలుగుతూనే ఉండేది, ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా కనిపించేది, నెట్ మాత్రం వచ్చేది కాదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మొదట అడిగేది ‘లైటు వెలుగుతోందా అండీ?’ అని. వెలుగుతోందని చెప్పగానే, అయితే మీ ఫోన్‌లోనే సమస్య ఉంది, చూసుకోండి అనేవారు. అవతల మాట్లాడే అమ్మాయిని తప్పుపట్టలేను, ఎందుకంటే పెట్టె ఆమెకూ అబద్ధమే చెబుతోంది. చివరికి కారణం కనిపెట్టింది మా వీధిలోని ఎలక్ట్రీషియన్. అడాప్టర్‌ను ఇన్వర్టర్ ప్లగ్గులోకి మార్చగానే సమస్య తీరిపోయింది. పైపెట్టెకు కరెంటు అందుతోందో లేదో చూపించే లైటు హాల్లోని పెట్టె మీద ఒకటి ఉండి ఉంటే ఇంత దూరం రావలసిన పనే లేదు.

ఇలాంటి లైట్లు పెట్టడం తెలియని విద్య కాదు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో ల్యాండ్‌లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించిన రోజుల్లో ఇచ్చిన మోడెమ్‌లు చూపుకు ముచ్చటగా ఉండేవి కావు. కానీ పవర్‌కు ఒకటి, డీఎస్ఎల్ లైనుకు (అంటే నెట్ తెచ్చే ఫోన్ తీగకు) ఒకటి, ఇంటర్నెట్‌కు ఒకటి చొప్పున వాటి మీద విడివిడిగా లైట్లు, పక్కనే పేర్లు ఉండేవి. డీఎస్ఎల్ లైటు నిలవకుండా మిణుకుమిణుకుమంటుంటే తప్పు బయటి తీగలో ఉందని, అది నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రమే ఆరిపోతే లాగిన్‌లోనో అవతలి వైపునో ఉందని హైస్కూలు పిల్లలు కూడా చెప్పగలిగేవారు. నేటి ఫైబర్ పెట్టెల మీదా ఎల్ఓఎస్ అనే లైటు ఉంటుంది, ఫైబర్‌లో సిగ్నల్ ఆగితే అది ఎర్రగా వెలుగుతుంది. ‘ఎర్ర లైటు వస్తోంది’ అన్న ఒక్క మాటతో కేబుల్ కుర్రాడు నిచ్చెన తీసుకుని నేరుగా స్తంభం దగ్గరకు వెళ్తాడు. వైర్‌లెస్ పెట్టెల దగ్గరకు వచ్చేసరికి, గదికి అందంగా ఉండాలన్న ఆలోచనతో కాబోలు, చాలా మోడళ్లలో అవన్నీ తీసేసి రంగులు మారే ఒక్క లైటును మిగిల్చారు. ఏ రంగుకు ఏ అర్థమో పెట్టె మీద రాసి ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తుపట్టలేనివారు ఏం చేయాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

సమాచారం లేనప్పుడు సిబ్బందికి మిగిలే మార్గం ఒక్కటే, ‘ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అనడం. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, చాలా ఇళ్ల రౌటర్లలో లోపాల నమోదు తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, కరెంటు తీయగానే చెరిగిపోతుంది. అలా తీసి పెట్టగానే పైపెట్టె టవర్‌తో కొత్తగా అనుసంధానమై కాసేపు బాగానే పనిచేస్తుంది. పరిష్కారమైందని మెసేజ్ వస్తుంది, ఫిర్యాదు మూతపడుతుంది, సాయంత్రానికి సమస్య మళ్లీ మొదలై కొత్త నంబరుతో కొత్త ఫిర్యాదుగా నమోదవుతుంది. రౌటర్‌ను కంపెనీ దూరం నుంచే పరీక్షించడానికి టీఆర్-069 అనే ప్రమాణం 2004లోనే వచ్చింది. పెట్టె తన పరిస్థితిని గుర్తుపెట్టుకునేలా తయారై ఉంటే ఆ సౌకర్యం ఇంటివాళ్లకూ సిబ్బందికీ ఇద్దరికీ అక్కరకు వచ్చేది.

వైఫై పేరు విషయంలోనూ ఇదే తీరు. రౌటర్ రెండు రకాల వైఫై సిగ్నళ్లు ఇస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటుతుంది కానీ ఇరుగుపొరుగు రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్లు అన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. ఒకదాన్నొకటి అడ్డుకోకుండా వాడుకోగల ఛానెళ్లు అందులో మూడే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. ఈ రెండింటినీ ఒకే పేరు కింద కలిపేసి, విడదీసే వీలు లేకుండా తాళం వేసి ఇస్తున్నారు. 2.4 మాత్రమే తెలిసిన చవక సీసీ కెమెరా కనెక్ట్ కాకపోతే కెమెరా కంపెనీని అడగమంటారు. వెనక గదిలో నెట్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేస్తే టెక్నీషియన్ వచ్చి డాబా ఎక్కుతాడు, అక్కడ సిగ్నల్ బాగుందని చూసి వెళ్లిపోతాడు.

వివరాలన్నీ యాప్‌లో ఉన్నాయని అంటారు. ఆ యాప్ తెరవాలంటే ఇంటర్నెట్ కావాలి, పైగా ఓటీపీ ఎవరి పేరున కనెక్షన్ ఉందో వారి ఫోన్‌కు వెళ్తుంది. మా గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, కనెక్షన్ వాళ్లే తీసి ఇస్తారు. ఇక్కడ పగలు నెట్ ఆగితే ఓటీపీ కోసం అమెరికాలో అర్ధరాత్రి కొడుకును నిద్ర లేపాలి. తల్లిదండ్రులు పిల్లల ముఖాలు చూసుకోవడానికే ఆ కనెక్షన్ పెట్టించుకున్నారన్న సంగతి రూపకర్తల దృష్టికి రాకపోవడం నన్ను ఎంతో కలచివేస్తోంది.

అధికారుల సంగతి కూడా చెప్పక తప్పదు. లోపాల్లో 90 శాతానికి పైగా మరుసటి పనిదినానికల్లా సరిచేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లో పెట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 2012 నుంచి ప్రతి ఫిర్యాదుకూ నంబరు ఇవ్వాలి, పై అప్పీలుకు అవకాశమూ ఉంది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు టెలికాం వినియోగదారులు వినియోగదారుల ఫోరాలకు వెళ్లవచ్చని స్పష్టం చేసింది. ఇవన్నీ మంచివే, కానీ అన్నీ లోపం జరిగిన తర్వాతి మాటలు. పరికరాలకు తప్పనిసరి ధ్రువీకరణ పరీక్షలు ఉన్నాయి. అవి విద్యుత్ భద్రత, రేడియో ప్రసారం వంటి వాటిని చూస్తాయి. లోపం ఎక్కడుందో మామూలు మనిషికి ఆ పెట్టె చెప్పగలదా అన్నది కూడా పరీక్షించవలసిన విషయమే. వినియోగదారుల అవగాహన సదస్సుల్లో మాకు హక్కులు చదివి వినిపించి కరపత్రాలు పంచేవారు ఒక్కసారి ఆ పెట్టెను బల్ల మీద పెట్టి చూస్తే బాగుండును.

పైపెట్టెకు కరెంటు, టవర్ సిగ్నల్, ఇంటర్నెట్, ఇంట్లోని వైఫై, వీటికి విడివిడిగా లైట్లు, ఒక్కోదాని పక్కన తెలుగులో పేరు, రెండు వైఫైలను విడదీసే వీలు, కరెంటు పోయినా చెరగని లోపాల నమోదు, యాప్ లేకుండా ఇంటి వైఫైలోనే తెరుచుకుని పెట్టె పరిస్థితిని చూపే పేజీ ఉండాలని ట్రాయ్, టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించాలి. ఇందుకయ్యే అదనపు ఖర్చు ఎంత, అందువల్ల తగ్గే ఫోన్ కాల్స్ ఎన్ని, ఇంతకాలం ఎందుకు చేయలేదు అన్న ప్రశ్నలను మీ విలేకరి ఈసారి ఆ ప్రతినిధినే అడిగి, జవాబును అదే పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత హైస్కూలు ఉపాధ్యాయుడు,
తణుకు