డిగ్రీలో ఎథిక్స్ కూడా సరిగ్గ చెప్పాలె

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను నల్లగొండల బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన, ఇప్పుడు ఓ ల్యాబ్‌ల పని చేస్తున్న. ఫైనలియర్ ప్రాజెక్టుకు మర్రిగూడ దిక్కు తిరిగి పన్నెండు బోర్ల నీళ్లు బాటిళ్లల్ల పట్టుకొచ్చినం, ఫ్లోరైడ్ ఎంతుందో చూద్దామని. ఒక బోరు కాడ నడుం వంగిపోయిన ముసలామె బాటిల్ నింపిచ్చి ఏం తేలిందో చెప్పు బిడ్డా అన్నది. ఐదు శాంపిళ్లు చూసేసరికి మీటర్ల రీడింగ్ నిలబడుతలేదు, తెల్లారితే సబ్మిషన్, ఇగ మిగిలిన ఏడింటికి 1.2 అని 1.4 అని మనసుకొచ్చినయి రికార్డుల రాసేసినం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే తాగొద్దంటరు, అంటే ఆ ఏడు బోర్ల నీళ్లు తాగొచ్చని చూడకుండనే రాసినట్టు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పుస్తకాలల్ల మన ఊరి పేరే ఉన్నది, అసుంటి ఊర్ల కూసొని మేం చేసిన పని ఇది. మాకు మార్కులు మంచిగనే వచ్చినయ్. ఇది తప్పని మాలో ఒక్కరికి గూడ తట్టలే, అదే నాకు ఇప్పటికీ బాధ.

ఎథిక్స్ చదవలేదా అంటే చదివినం, ఇంటర్ ఫస్టియర్ల ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్ అని పేపర్ ఉండె, పాసైతే చాలు మార్కులు కలవవు గదా అని ముందురోజు రాత్రి గైడ్ చూసి రాసినం. సివిల్స్‌ల 2013 నుంచి ఎథిక్స్‌కు 250 మార్కుల పేపర్ పెట్టిన్రు, పీహెచ్‌డీ వాళ్లకు రీసెర్చ్ ఎథిక్స్ రెండు క్రెడిట్లని యూజీసీ పెట్టింది, మరి నడుమ డిగ్రీ పిల్లలేం పాపం చేసిన్రు? ల్యాబ్‌లల్ల ఆఫీసుల్ల రేపు సంతకాలు పెట్టేది ఎక్కువ వీళ్లే గదా.

సత్యం పలుకు, పెద్దల్ని గౌరవించు అని చెప్పుడు కాదు నేను అడిగేది, అది చిన్నప్పుడే విన్నం. కెమిస్ట్రీ వాళ్లకు రీడింగ్ రానప్పుడు ఏం రాయాలె, కామర్స్ వాళ్లకు సేటు బిల్లు మార్చమంటే ఏం చెయ్యాలె, నర్సింగ్ పిల్లకు డోసు తప్పు పడితే ఎవరికి ఎట్ల చెప్పాలె, గిట్ల ఎవరి సబ్జెక్టుల వాళ్లకు క్లాసుల కూసోబెట్టి మాట్లాడించాలె, చెప్పేది గూడ ఆ సబ్జెక్ట్ సారే అయితే మంచిది. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ వాళ్లు ముందుగాల ప్రాక్టికల్స్ నుంచే మొదలుపెట్టాలె, రీడింగ్ రాలేదు అని ఉన్నదున్నట్టు రాసిన పిల్లగానికి మార్కులు కొయ్యొద్దు, అప్పుడు మాకు ఆ భయమే ఉండె.