యూనిఫాం విప్పి గెలిచిన పోలీసు: పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

ఖరగ్‌పూర్,
మే 2023

గౌరవనీయులైన ముఖ్యమంత్రి మమతా బెనర్జీ గారికి,

నమస్కారాలు. రైల్వే కొలువుల కోసం ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మాది ఒకటి. 2020 డిసెంబరులో మీ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది కనుక, ఆ చనువుతో తెలుగులోనే రాస్తున్నాను. హోం శాఖ కూడా మీ వద్దే ఉన్నందున ఈ లేఖ మీకే చెందుతుంది.

ఏప్రిల్ 26న మాల్దా జిల్లా ముచియా చంద్రమోహన్ హైస్కూలులో ఒక వ్యక్తి ఏడో తరగతి గదిలోకి చొరబడి, పిస్తోలు ఝళిపిస్తూ పిల్లలను బెదిరించిన దృశ్యాన్ని టీవీలో చూశాను. ఏళ్ల తరబడి ఆ వయసు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. బెదిరిన పిల్ల ఒక్కతి లేచి గుమ్మం వైపు పరుగెత్తినా ఏమయ్యేదో నాకు తెలుసు.

ఖాకీ కనిపిస్తే అతడు మరింత రెచ్చిపోతాడని గ్రహించిన డీఎస్పీ అజహరుద్దీన్ ఖాన్ గారు యూనిఫాం విప్పి, టీషర్టు, చెప్పులు అరువు తెచ్చుకుని వేసుకుని, విలేకరుల్లో ఒకరిగా కలిసిపోయి, అతడు ఏమరిన క్షణం కనిపెట్టి ఒక్క ఉదుటన మీదపడ్డారు. ఒక్క తూటా పేలలేదు, ఒక్క పిల్లకూ గాయం కాలేదు. అంతసేపూ బయట తల్లిదండ్రులు ఆందోళనతో నిలబడి ఉండగా, తొందరపడి గదిలోకి దూసుకుపోకుండా ఆగడమే ఆ సాహసం కంటే కష్టమైన పని అని నా అభిప్రాయం. డీఎస్పీ గారితో పాటు అలా ఓపిక పట్టిన కానిస్టేబుళ్లకు కూడా నా అభినందనలు అందజేయగలరు.

ఒక్క సందేహం మాత్రం దాచలేను. విలేకరి వేషం ఈసారి పిల్లలను కాపాడింది కానీ, రేపు ఇలాంటి చోట నిజమైన విలేకరిని చూసినా తుపాకీ పట్టినవాడు అనుమానిస్తాడు. కాబట్టి పోలీసు శిక్షణలో ఈ ఘటనను పాఠంగా చెప్పేటప్పుడు వేషం కంటే ఆ ఓపికనే ముందు నేర్పించాలని మనవి.

మరొక విన్నపం. తన భార్య, కొడుకు ఏడాదికి పైగా కనిపించడం లేదని, ఎవరూ పట్టించుకోలేదని ముచియా బడిలో పట్టుబడిన ఆ వ్యక్తి చెప్పుకున్నాడు. అతడు చేసిన నేరానికి అది సాకు కాదు, శిక్ష పడవలసిందే. అయినా ఆ మాటలో నిజమెంతో విచారించి, అలాంటి ఫిర్యాదులు ఠాణాల్లో ఎన్నాళ్లుగా కదలకుండా పడి ఉన్నాయో మీరు ఒకసారి లెక్క అడగవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఖరగ్‌పూర్‌కు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు